మిరపకాయ వేడిగా ఉంటుందా?

మాఘమాసపు తెల్లవారుజాము. గుంటూరు జిల్లాలో ఒక మిరప కల్లం. ఎర్ర తివాచీ పరిచినట్టు కాయలు ఆరబోసి ఉన్నాయి. ఒక కుర్రవాడు వంగి ఒక కాయ తీసుకున్నాడు. రాత్రి చలికి అది చల్లగా ఉన్నది.

"నాన్నా, మా ఇంగ్లీషు పుస్తకంలో మిరపకాయ 'హాట్' అని ఉన్నది. హాట్ అంటే వేడి గదా! ఇది మంచుగడ్డలా ఉన్నదే!" అన్నాడు.

నాన్న నవ్వి, "మీ పంతులుగారినే అడుగు," అన్నాడు.

పిల్లలూ, ఆ సందేహం సబబైనదే. మనకు రెండు మాటలున్నాయి: పొయ్యిమీది పాలు వేడి, పచ్చడి కారం. ఇంగ్లీషువారు రెంటికీ 'హాట్' అంటారు. అందుచేత వాళ్ళు కూర 'హాట్' అంటే, ఊదుకుని తినాలో, పెరుగు దగ్గర పెట్టుకుని తినాలో తెలియదు! కారానికి 'స్పైసీ' అనటం కొంత మేలు. అయితే దానికీ ఒక చిక్కున్నది: లవంగాలూ దాల్చినచెక్కా దట్టించిన పులావు, కారం లేకపోయినా స్పైసీయే.

మరి 'హాట్' అనటం పొరపాటా? ఆ కుర్రవాడి తల్లి ఆ రోజు పొద్దుగూకేదాకా ఎండు కాయలకు తొడిమలు తీసింది. రాత్రి, "అబ్బా, చేతులు మండిపోతున్నాయి," అన్నది. వాడు పట్టుకు చూస్తే అమ్మ చేతులు చల్లగానే ఉన్నాయి. నిప్పు లేదు, మంట ఉన్నది! అంటే, మనమూ నిప్పు మాటే వాడుతున్నామన్నమాట.

మిరపకాయలో క్యాప్సైసిన్ అనే పదార్థమున్నది. మన నాలుకలోనూ చర్మంలోనూ నరాల కొసలలో వేడిని కనిపెట్టే సన్నని ద్వారాలున్నాయి. సుమారు 43 డిగ్రీల సెంటిగ్రేడు దాటిన వేడి తగిలితే అవి తెరుచుకుని, "కాలుతున్నది!" అని మెదడుకు కబురు పంపుతాయి. క్యాప్సైసిన్ తగిలినా ఆ ద్వారాలే తెరుచుకుంటాయి. కబురు ఒకటే గనక మెదడు నిప్పే అనుకుని చెమటలు కూడా పోయిస్తుంది. 1997లో డేవిడ్ జూలియస్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడూ ఆయన బృందమూ ఈ ద్వారాన్ని గుర్తించారు. 2021లో ఆయనకు, మరొక శాస్త్రజ్ఞుడితో కలిపి, నోబెల్ బహుమతి వచ్చింది. రామచిలుక పండు మిరపకాయను హాయిగా కొరుకుతుందే, దానికి మండదా? మండదు. పక్షుల నరాలలోని ద్వారాలు క్యాప్సైసిన్‌కు తెరుచుకోవు.

ఇది నీళ్ళలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. అందుచేత కారపు చేతులకు ముందు నూనె రాసి, తరవాత సబ్బుతో కడుక్కోవాలి. నోరు మండితే పాలో పెరుగో మంచివి.

మర్నాడు బడినుంచి వస్తూనే కుర్రవాడు పుస్తకాలు అరుగుమీద పడేసి, నూనె గిన్నె తెచ్చి అమ్మ ముందు పెట్టాడు.