ఫ్లాపీలో ఫైళ్లు కాపీ చేస్తే సరిపోదు: పాత సాఫ్ట్‌వేర్‌ని బతికించాలంటే ఏం చేయాలి?

సేవ్ బటన్ మీద కనిపించే ఆ చదరపు బొమ్మ అసలు వస్తువుని మీలో చాలామంది చేత్తో పట్టుకుని ఉండరు. అది 3.5 అంగుళాల ఫ్లాపీ. పట్టేది 1.44 ఎంబీ. మీ ఫోన్ తీసే ఫొటో ఒక్కటి కూడా అందులో సరిగ్గా పట్టదు. సోనీ 2011లోనే వీటి తయారీ ఆపేసింది. మరి గాడ్జెట్ సైట్‌లో దీని గోల ఎందుకంటారా? 1980లు, 90ల్లో వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో చాలా భాగం ఫ్లాపీల మీదే అమ్ముడుపోయింది. అందులో కొన్నింటికి ఇంటర్నెట్‌లో కాపీ అన్నదే లేదు. ఉన్నదేదో ఎవరి బీరువాలోనో బూజు పడుతోంది.

ఎవరిని అడిగినా చెప్పే సలహా ఒకటే: యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ కొను, ఫైళ్లు కాపీ చేసుకో, అయిపోయింది. ఉత్తరాలకి, బయోడేటాలకి అది చాలు. సాఫ్ట్‌వేర్‌కి చాలదు. నాలుగు నెలల్లో 64 ఫ్లాపీలతో కుస్తీ పట్టాక నాకు అర్థమైంది ఇదే.

డ్రైవ్ మన దగ్గర ఏం దాస్తుంది?

ఫ్లాపీ డ్రైవ్‌కి ఫైల్ అంటే ఏంటో తెలీదు. లోపల అయస్కాంత పూత ఉన్న పల్చటి ప్లాస్టిక్ బిళ్ల నిమిషానికి 300 సార్లు తిరుగుతుంటుంది. దాని మీద అయస్కాంత దిశ ఎక్కడ మారిందో హెడ్ పసిగడుతుంది. ఆ మార్పునే ఫ్లక్స్ ట్రాన్సిషన్ అంటారు. 1.44 ఎంబీ ఫ్లాపీలో ఒక మార్పుకీ ఇంకో మార్పుకీ మధ్య గ్యాప్ సుమారు 2, 3, 4 మైక్రోసెకన్లలో ఏదో ఒకటి. డేటా మొత్తం ఈ మూడు గ్యాప్‌ల వరసే. కంట్రోలర్ చిప్ వాటిని బిట్లుగా, బిట్లని సెక్టర్లుగా మార్చి కంప్యూటర్‌కి అందిస్తుంది. ఒక్కో వైపు 80 ట్రాకులు, ట్రాక్‌కి 18 సెక్టర్లు, సెక్టర్‌కి 512 బైట్లు. గుణించి చూడండి, రెండు వైపులా కలిపి 14,74,560 బైట్లు వస్తాయి.

ఈ లెక్కకి లొంగని ఫ్లాపీ ఎదురైతే యూఎస్‌బీ డ్రైవ్ చేతులెత్తేస్తుంది. అమిగా ఫ్లాపీ పెట్టి చూడండి, ఫార్మాట్ చేయమంటావా అని విండోస్ అడుగుతుంది. (అడిగింది కదా అని ఓకే నొక్కకండి, దండం పెడతా.)

కాపీ ప్రొటెక్షన్ ఉన్నవైతే ఇంకా పెద్ద తలనొప్పి. కొన్ని కంపెనీలు ఫ్లాపీలో ఒకచోట కావాలనే అటూ ఇటూ కాని సిగ్నల్ రాసేవి. వీటిని వీక్ బిట్స్ అంటారు. ఒకసారి చదివితే 0 వస్తుంది, ఇంకోసారి 1 వస్తుంది. ప్రోగ్రామ్ మొదలవగానే ఆ చోటుని రెండు మూడుసార్లు చదివి చూసుకుంటుంది. ప్రతిసారీ ఒకే జవాబు వచ్చిందా, ఇది నకిలీ అని ఆగిపోతుంది. మామూలుగా కాపీ చేస్తే ఈ ఊగిసలాట రాదు. ఫైళ్లన్నీ ఉంటాయి, ప్రోగ్రామ్ మాత్రం నడవదు.

గ్రీజ్‌వీజిల్ అనే బుల్లి బోర్డు

దీనికి మందు ఫ్లక్స్ స్థాయిలో చదవడం. అర్థం చేసుకునే పని తర్వాతికి వాయిదా వేసి, ఏ మార్పు ఏ క్షణంలో వచ్చిందో ఉన్నదున్నట్టు రికార్డు చేసేయడం అన్నమాట. దీనికి క్రయోఫ్లక్స్ ఉంది, యాపిల్ 2 వాళ్లకి యాపిల్‌సాస్ ఉంది. నేను వాడింది గ్రీజ్‌వీజిల్. కీర్ ఫ్రేజర్ రూపొందించిన ఓపెన్ సోర్స్ డిజైన్ ఇది. ఒక వైపు యూఎస్‌బీ, ఇంకో వైపు 34 పిన్నుల రిబ్బన్ కేబుల్, అంతే. దానికి తగిలించడానికి పాత డెస్క్‌టాప్‌లో ఉండే అసలు ఫ్లాపీ డ్రైవే కావాలి. నాకు పాత సామాన్ల షాపులో మూడు డ్రైవ్‌లు దొరికితే పనిచేసింది ఒక్కటే. కాబట్టి బోర్డు కన్నా డ్రైవ్ వెతకడానికే ఎక్కువ టైమ్ కేటాయించండి. 5.25 అంగుళాల డ్రైవ్ అయితే 12 వోల్టుల పవర్ కూడా ఇవ్వాలి.

అందమైన యాప్ ఏమీ రాదు, కమాండ్ లైనే. ఒక్కో ఫ్లాపీకి నాకు రెండు నిమిషాలు పట్టింది. 1.44 ఎంబీ ఫ్లాపీకి తయారయ్యే ఫైల్ పదుల ఎంబీలు ఉంటుంది. చూసి కంగారు పడొద్దు. బిళ్ల కొన్ని రౌండ్లు తిరిగినప్పుడు వచ్చిన ప్రతి సిగ్నలూ అందులో ఉంది మరి. ఇవాళ డీకోడ్ కాని ట్రాక్‌ని రేపు ఇంకా మంచి సాఫ్ట్‌వేర్ వచ్చాక మళ్లీ ప్రయత్నించొచ్చు, అప్పటికి ఫ్లాపీ పాడైపోయినా సరే. నా దృష్టిలో దీని అసలు ఫీచర్ ఇదే.

వార్‌హోల్ బొమ్మలకి వచ్చిన చిక్కు

2012లో ప్రిన్స్ ఆఫ్ పర్షియా గేమ్ సృష్టికర్త జోర్డాన్ మెక్నర్‌కి, పోయిందనుకున్న యాపిల్ 2 సోర్స్ కోడ్ దొరికింది. వాళ్ల నాన్నగారు వెతికి పంపిన పెట్టెలో పాత 3.5 అంగుళాల ఫ్లాపీలుగా ఉంది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి చెందిన జేసన్ స్కాట్ లాంటివాళ్లు వచ్చి సాయం చేశారు, ఆ ఏప్రిల్‌లోనే కోడ్ గిట్‌హబ్‌లోకి ఎక్కింది. 1989 నాటి గేమ్ లోపలి పనితనాన్ని ఇవాళ ఎవరైనా చదువుకోవచ్చు.

ఇంకోటి అంత సులువుగా తేలలేదు. చిత్రకారుడు ఆండీ వార్‌హోల్ 1985లో అమిగా మీద వేసిన బొమ్మలు పిట్స్‌బర్గ్‌లోని ఆయన మ్యూజియంలో ఫ్లాపీల్లో ఉండిపోయాయి. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ కంప్యూటర్ క్లబ్ కుర్రాళ్లు క్రయోఫ్లక్స్‌తో వాటిని జాగ్రత్తగా చదివారు. ఫైళ్లు వచ్చాయి, బొమ్మలు మాత్రం తెరుచుకోలేదు. అవి ఎవరికీ తెలియని ఫార్మాట్‌లో ఉన్నాయి. క్లబ్‌వాళ్లు కూర్చుని ఆ ఫార్మాట్ గుట్టు విప్పాకే, 2014లో ఆ బొమ్మలు లోకానికి తెలిశాయి. అంటే డేటా బతికినా దాన్ని తెరిచే సాఫ్ట్‌వేర్ బతక్కపోతే మళ్లీ మొదటికే వస్తాం.

మన తెలుగుకీ ఇదే జరుగుతోంది

నేను చదివిన 64 ఫ్లాపీలూ మా బాబాయివి. 90ల్లో ఆయన విజయవాడలో డీటీపీ సెంటర్ నడిపేవారు. శుభలేఖలు, కరపత్రాలు, ఊళ్లో కవుల చిన్న పుస్తకాలు వేసేవారు. "ఒరేయ్, అందులో మాస్టారి బుర్రకథల పుస్తకం ఉందిరా. అచ్చుకి వెళ్లకముందే ఆయన పోయారు. ప్రూఫులన్నీ చెదలు తినేశాయి. అదొక్కటీ తీసిపెట్టు చాలు" అన్నారు. 64లో 57 పూర్తిగా వచ్చాయి. మాస్టారి పేజ్‌మేకర్ ఫైల్ కూడా దొరికింది. తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు, అన్నీ ఇంగ్లిష్ అక్షరాలు, పిచ్చి గుర్తులు.

కారణం సింపుల్. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉన్నా, విండోస్‌లో తెలుగు సరిగా కనబడటం మొదలైంది ఎక్స్‌పీ నుంచే. ఐఎస్ 13194 పేరుతో 1991లో ఇస్కీ అనే భారతీయ ప్రమాణం వచ్చింది. సీడాక్ వాళ్ల జిస్ట్ కార్డు తగిలిస్తే డాస్‌లోనే మన లిపి కనిపించేది. కానీ డీటీపీ సెంటర్లలో నడిచింది వేరే. ప్రతి ఫాంట్ కంపెనీ గుణింతాలని, ఒత్తులని ముక్కలు చేసి, ఇంగ్లిష్ అక్షరాలు ఉండాల్సిన చోట్లలో తన ఇష్టమొచ్చినట్టు సర్దుకుంది. ఒకరి ఫాంట్‌లో 'క' ఉన్న చోట ఇంకొకరి ఫాంట్‌లో ఏ ఒత్తో ఉంటుంది. ఆ సాఫ్ట్‌వేర్ లేకపోతే ఆ ఫైల్ తెలుగే కాదు.

అదృష్టం కొద్దీ ఆ ఫాంట్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ ఫ్లాపీలు రెండూ ఆ పెట్టెలోనే ఉన్నాయి. ఇక్కడే ఒక మెలిక. ఆ కాలపు ఇన్‌స్టాలర్లు కొన్ని, ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేశామో ఒరిజినల్ ఫ్లాపీలోనే లెక్క రాసుకునేవి. లెక్క అయిపోతే ఇక అంతే. బాబాయి సెట్‌లో మిగిలింది ఒకే ఒక్కటి! అందుకే ముందు రైట్ ప్రొటెక్ట్ పెట్టి, ఫ్లక్స్ ఇమేజ్ తీసి, ఎమ్యులేటర్‌లో విండోస్ 95 వేసి, ఇమేజ్ కాపీ నుంచే ఇన్‌స్టాల్ చేశాను. లెక్క తగ్గింది ఆ కాపీలో, ఒరిజినల్ అలాగే ఉంది. రెండో ఫ్లాపీలో నాలుగు సెక్టర్లు మొండికేస్తే, హెడ్ తుడుస్తూ ఐదుసార్లు చదివి వేర్వేరు రీడింగ్‌ల నుంచి కలిపాను. ఫైల్ తెరిచాక ఒత్తులు, సున్నాలతో సహా అన్నీ వాటి చోట్లలో ఉన్నాయి. బాబాయి స్క్రీన్ మీద వేలు పెట్టి చదువుతూ, మూడో లైన్లోనే అచ్చుతప్పు పట్టుకున్నారు.

మీ ఇంట్లోనో, తెలిసిన ప్రెస్‌లోనో ఇలాంటి పెట్టె ఉంటే ఏదీ వెంటనే డ్రైవ్‌లో పెట్టేయకండి. 3.5 అంగుళాల దాంట్లో మూల కన్నం తెరుచుకుని ఉంటే రైట్ ప్రొటెక్ట్ అయినట్టు. 5.25 దాంట్లో రివర్స్, పక్కన ఉన్న గాటుని టేప్‌తో మూసేయాలి. లేబుల్ ఫొటో తీయండి, వెర్షన్ నంబర్, సీరియల్ నంబర్ చాలాసార్లు దాని మీద తప్ప ఇంకెక్కడా ఉండవు. తర్వాత షట్టర్ జరిపి బిళ్లని మెల్లగా తిప్పుతూ లైట్ కింద చూడండి. తెల్లటి మచ్చలు ఉంటే అది బూజు. ఆ ఫ్లాపీ హెడ్‌ని పాడు చేస్తుంది, ఆ హెడ్ తర్వాతి ఫ్లాపీని గీకేస్తుంది.

తీసిన ఇమేజ్‌ని నెట్‌లో పెట్టొచ్చా అంటే జాగ్రత్త, కాపీరైట్ ఇంకా ఆ కంపెనీదే. చట్టబద్ధంగా మీ దగ్గరున్న ప్రోగ్రామ్ పాడైపోకుండా బ్యాకప్ తీసుకోవడాన్ని మన కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 52 ఒప్పుకుంటుంది. అందరికీ పంచడం వేరే సంగతి. కంపెనీ ఇంకా నడుస్తుంటే అడగండి. మైక్రోసాఫ్టే ఎంఎస్ డాస్ 4.00 సోర్స్ కోడ్‌ని 2024లో ఎంఐటీ లైసెన్స్ కింద ఇచ్చేసింది, మనవాళ్లూ ఒప్పుకోవచ్చేమో.

నా దగ్గర చదవకుండా మిగిలిన ఏడింటిలో నాలుగింటికి బూజుంది. వాటి పెంకు తెరిచి, బిళ్లని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఖాళీ పెంకులోకి మార్చి చూడాలి. మిగతా మూడూ ఇంకో మంచి డ్రైవ్ దొరికేదాకా కవర్లో ఉంటాయి. వాటి లేబుల్ మీద వేరే తెలుగు ఫాంట్ కంపెనీ పేరుంది. దాని కాపీ నేను వెతికినంతలో నెట్‌లో ఎక్కడా కనబడలేదు.