పంచాయతీకి ముందుజాగ్రత్త

వెలిగొండల చెంతనున్న సీతారామపురము మెట్టసీమ. వాన తప్పిన బావులెండును. ఒక్కమారు కుంభవృష్టి కురిసిన చెరువుకట్టలకు గండ్లు పడును. 2021 నవంబరులో పెన్న వరద మన జిల్లాకు నేర్పిన పాఠము మరువరానిది.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టపు 41వ సెక్షను, స్థానిక సంస్థలు తమ సిబ్బందికి శిక్షణ నొసగి, సాధనములను సిద్ధముగ నుంచవలెనని విధించినది.

కావున పంచాయతీ యొక పుస్తకము పెట్టి, త్రాగునీటి మోటారు, వీధిదీపములు, లెక్కలు, రొక్కము మొదలగు ప్రతిదాని యెదుటను నాలుగు సంగతులు వ్రాయవలెను: ఏమి చెడవచ్చును, చెడిన నష్టమెంత, నివారణమేది, బాధ్యులెవరు. చెరువుకట్టవలె ఇతర శాఖ పనియైనచో, ఆ శాఖకు వ్రాసిన తేదీయు అందు నమోదు కావలెను.

బాధ్యుని పేరు లేని జాగ్రత్త గాలిలో దీపము. గ్రామసభలో ఆ పుస్తకమును చదివింపుడని యడుగుడు. కట్ట తెగిన పిమ్మట అడిగిన ఫలమేమి?