చెరవీడినవారికి చేను

కారాగారమునుండి విడుదలయైన మనుష్యునకు గడప దాటిన దినముననే రెండవ శిక్ష ప్రారంభమగుచున్నది. ఊరివారు పనికి పిలువరు. కౌలుకు భూమి నిచ్చువారు లేరు. పట్టా లేనివానికి బ్యాంకువారు అప్పీయరు. ఇట్టివాడు మరల తప్పుత్రోవ త్రొక్కినచో దోషమంతయు వానిదే యనుట న్యాయము కాదు. తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతములలో ఇట్టివారికి ఉమ్మడి సేద్యము నేర్పాటు చేయుట యుచితమని మా యభిప్రాయము.

ఈ మార్గము తెలుగువారికి క్రొత్తది కాదు. అనంతపురమున 1965లో స్థాపింపబడిన ఖైదీల వ్యవసాయక్షేత్రమున ఖైదీలు సేద్యము చేయుదురు. కాని శిక్ష ముగిసిన దినముననే ఆ పొలమును విడిచిపోవలసియుండును. నేర్చిన విద్య మిగులును, దున్నుటకు నేల మిగులదు.

భూమి నిచ్చిన యుదాహరణమును కలదు. 1871 నాటి నేరస్థజాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికి వ్యాపించిన పిమ్మట, 1913-14 ప్రాంతమున బాపట్ల చేరువ స్టువర్టుపురములో సాల్వేషన్ ఆర్మీవారి యాజమాన్యమున ఎరుకల కుటుంబములను నిలిపిరి. సేద్యమునకు భూమి చూపిరి. దానితోపాటు హాజరుపట్టీని, నిర్బంధమును తగిలించిరి. మద్రాసు రాష్ట్రమున 1947లో ఆ చట్టము రద్దయ్యెను. మచ్చ రద్దు కాలేదు. 1991లో సైతము ఆ యూరిపేరు పోలీసుకథ చలనచిత్రమునకు శీర్షిక యయ్యెను. ముద్రపడినవారినే యొకచోట చేర్చిన ఫలితమిది.

కావున మేము కోరునది మరియొక స్టువర్టుపురము కాదు. తిరువళ్లూరు జిల్లాలో బియ్యపుమిల్లులనుండియు, ఇటుకబట్టీలనుండియు వెట్టి విడిపింపబడిన ఇరుళ కుటుంబములు కలవు. 1976 నాటి చట్టము వారిని విడిపించినది గాని భూమి నీయలేదు. వీరును, సెంటు భూమి లేని తక్కిన కూలీలును, చెరవీడినవారును ఒకే సహకారసంఘమున సభ్యులు కావలెను. అప్పుడది దొంగల పల్లె యనిపించుకొనదు. రైతుల సంఘ మనిపించుకొనును. నేరము చేసినవారికి భూమియా, నిర్దోషియగు పేదకు లేదా యను ప్రశ్నకును ఇదియే సమాధానము.

ఒంటరివాని బావి యెండినచో వాడు వడ్డీవ్యాపారి గుమ్మమెక్కును. పదిమంది బావి యెండినచో లోతు త్రవ్వుదురు. ఉమ్మడి సేద్యపు బలమిదియే. అయితే సంఘముపేర పట్టా, మొదటి పంట చేతికివచ్చువరకు దినకూలి, స్త్రీలకు సమాన సభ్యత్వము, పోలీసు హాజరునుండి విముక్తి, ఈ నాలుగును లేనిచో ఇదియును మరియొక చెరయే యగును.

1960 ఏప్రిలు 1వ తేదీవరకు చిత్తూరు జిల్లాలోనుండిన తిరుత్తణి తాలూకాతో మనకు భాషాబంధమును కలదు. సహకార చక్కెరమిల్లు వెలసిన ప్రాంతమగుటచే అచ్చటి రైతులకు సహకార మను మాట తెలిసినదే. చెన్నపురిలోని మన న్యాయవాదులు నిబంధనలు వ్రాయవచ్చును. లెక్కలు తెలిసినవారు పద్దులు చూడవచ్చును. వైద్యులు నెలకొకమారు పోయిరావచ్చును. ప్రభుత్వమువారు బంజరు చూపుదురుగాక. నేరమునకు శిక్ష న్యాయస్థానము నిర్ణయించినంతవరకే. అంతకుమించి విధించు నధికారము మనకెవ్వరికిని లేదు.