అండమాన్ మనకెప్పుడు దక్కింది?

మా ఊరు వడ్డాదిలో పాతతరం వాళ్ళకి పుట్టిన తేదీలు ఉండవు. మా నాన్న వయసు అడిగితే నాయనమ్మ, "ఇశాపట్నం మీద జపానోడు బాంబులేసిన యేడు పుట్టేడు" అనేది. ఆ యేడు 1942. ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాను విమానవాహక నౌక మీంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. పట్నం జనం దొరికిన బండి కట్టుకుని పల్లెల దారి పట్టారు. చోడవరం మీదుగా మా ఊరి వరకూ వచ్చారట. పెద్దేరు గట్టున రాళ్ళు పేర్చి వండుకున్నారనీ, బెల్లం వండే పాకల్లో తలదాచుకున్నారనీ నాయనమ్మ చెప్పేది.

ఈ కథ మా వైపు అందరికీ తెలుసు. అంతకు రెండు వారాల ముందే జపాను సైన్యం మన దేశంలో ఒక భాగాన్ని పట్టుకుందని చెబితే మాత్రం బడిలో నేను పాఠం చెప్పే పిల్లలు నమ్మేవారు కాదు. మ్యాపు తీసి, విశాఖకు ఆగ్నేయంగా 1,200 కిలోమీటర్ల దూరంలో ఉన్న అండమాన్ చూపించేవాణ్ణి. ఉద్యోగ విరమణ తర్వాత విశాఖలో ఓడెక్కి అక్కడికి వెళ్ళాను. మా మేనమామ కొడుకు చాలా ఏళ్ళ కిందట తాపీ పనికి వెళ్ళి పోర్ట్ బ్లెయిర్‌లోనే స్థిరపడ్డాడు. ఊరంతా తిప్పింది అతనే.

1942 మార్చి 23న జపాను సైనికులు పోర్ట్ బ్లెయిర్‌లో దిగారు. బ్రిటిషు దళం అప్పటికే వెళ్ళిపోయింది కనుక యుద్ధమే జరగలేదు. చీఫ్ కమిషనర్ వాటర్‌ఫాల్ ఖైదీ అయ్యాడు. బ్రిటిషు అధికారి మేజర్ బర్డ్‌ని అందరి ఎదుటా తల నరికి చంపారు. ఇళ్ళలోకి చొరబడుతున్న సైనికుల మీద జుల్ఫికర్ అలీ అనే కుర్రవాడు ఎయిర్ గన్ పేల్చాడు. అతన్ని చిత్రహింసలు పెట్టి, జనాన్ని నిలబెట్టి చూపిస్తూ కాల్చేశారు.

తర్వాతి మూడున్నరేళ్ళ బాధకు మూలం బియ్యం. దీవులు బయటినుంచి వచ్చే తిండి మీదే బతికేవి. మిత్రరాజ్యాల జలాంతర్గాములూ విమానాలూ జపాను సరుకు ఓడల్ని ముంచుతున్న కొద్దీ దీవుల్లో గింజ కరువైంది. ఆ కరువులోనే జనాన్ని విమానాశ్రయం పనికీ, బంకర్ల పనికీ వెట్టికి తోలారు. కార్బిన్స్ కోవ్ తీరంలో ఆ కాంక్రీటు బంకర్లు ఇంకా ఉన్నాయి. మా బావ ఒకదాని గోడ తడిమి, "వెట్టికి కట్టినదానికి ఇంత గట్టి పని!" అన్నాడు. తాపీ మేస్త్రీ కదా, అతనికి ముందు కనిపించింది అది కట్టిన చేతులే.

ఓడలు ఎలా మునుగుతున్నాయో జపాను అధికారులకి అంతుపట్టలేదు. స్థానికులే కబురు అందిస్తున్నారని అనుమానించారు. నిజానికి అంతకుముందు అక్కడే పోలీసు అధికారిగా పనిచేసిన మేజర్ మెకార్తీ 1943 జనవరిలో జలాంతర్గామి దిగి, అడవిలో దాక్కుని సమాచారం సేకరించాడు. ఆ గూఢచర్యానికి శిక్ష పడింది మాత్రం ఏ పాపమూ ఎరగని గుమాస్తాలకి, ఉపాధ్యాయులకి, దుకాణదారులకి. ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ స్థానిక అధ్యక్షుడు, పంజాబీ కవి డాక్టర్ దీవాన్ సింగ్‌ని కూడా 1943 అక్టోబరులో సెల్యులార్ జైల్లో పెట్టారు.

ఆయన ఆ జైల్లో ఉండగానే, డిసెంబరు 30న జింఖానా మైదానంలో సుభాష్ చంద్రబోస్ త్రివర్ణ పతాకం ఎగరేశారు. అంతకు ముందు నెలలోనే టోక్యోలో జపాను ప్రధాని టోజో, ఈ దీవుల్ని బోస్ నడిపే ఆజాద్ హింద్ ప్రభుత్వానికి అప్పగిస్తామని ప్రకటించాడు. బోస్ వాటికి షహీద్, స్వరాజ్ అని పేర్లు పెట్టారు. జపాను అధికారులు ఆయన్ని చుట్టుముట్టి తిప్పారు. జైల్లో మగ్గుతున్నవాళ్ళ గోడు ఆయన దాకా వెళ్ళలేదు. 1944 జనవరి 14న దీవాన్ సింగ్ ఆ జైల్లోనే చనిపోయారు. జనవరి 30న హంఫ్రీగంజ్‌లో 44 మందిని గూఢచారులన్న నెపంతో కాల్చి పాతిపెట్టారు. అక్కడి స్మారకం దగ్గర నాకు మాట పెగల్లేదు.

ఫిబ్రవరిలో బోస్ తరఫున పాలకుడిగా వచ్చిన కర్నల్ లోగనాథన్ మంచి మనిషి, వైద్యుడు. కానీ జపాను నౌకాదళం పోలీసు శాఖని ఆయన చేతికి ఇవ్వలేదు. చదువుల శాఖ ఒక్కటే దక్కింది. జెండా మనది, ఠాణా వాళ్ళది. బోస్‌ని తక్కువ చేయాలని ఇది రాయడం లేదు. ఆ మైదానంలో జెండా చూసి ఏడ్చినవాళ్ళ ఆనందం నిజం. ఆ తర్వాతి నెలలో తమవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళ ఏడుపూ అంతే నిజం. మన పుస్తకాలు మొదటిదే రాశాయి. రెండోది పిల్లలకి చెప్పకపోతే చనిపోయినవాళ్ళకి అన్యాయం చేసినట్టే.

చివరి రోజుల్లో ఇంకా ఘోరం జరిగింది. 1945 ఆగస్టులో, తిండి దండగ అనుకున్న వందలమందిని, వేరే దీవిలో సాగు చేసుకోవచ్చని నమ్మించి పడవలెక్కించారు. హావ్‌లాక్ దీవి దగ్గర రాత్రివేళ సముద్రంలోకి తోసేశారు. ఈదుకుంటూ ఒడ్డుకు చేరినవాళ్ళలోనూ చాలామంది ఆకలితో పోయారు.

అక్టోబరులో 116వ భారత పదాతి బ్రిగేడు పోర్ట్ బ్లెయిర్ చేరింది. అదే జింఖానా మైదానంలో వైస్ అడ్మిరల్ హారా, బ్రిగేడియర్ సాలమన్స్‌కి లొంగిపోయాడు. సైనికుల్లో ఎక్కువమంది భారతీయులే. ఎగిరిన జెండా మాత్రం యూనియన్ జాక్. ఓడల్లో బియ్యం, మందులు వచ్చాయి. 1858 నుంచి నడిచిన శిక్షా కేంద్రాన్ని రద్దు చేశారు. మిగిలిన ఖైదీలకు శిక్ష మాఫీ చేసి, ఇంటికి పోతామన్నవాళ్ళని పంపించారు. మన్యంలో అల్లూరి వెంట నడిచిన కొందరిని పంపింది కూడా ఈ దీవులకే కాబట్టి మా వైపు వాళ్ళకి ఆ రద్దు చిన్న విషయం కాదు. దీవుల్లో నేరాలు చేసిన జపాను అధికారులపై సింగపూర్‌లో విచారణలు జరిగాయి.

అప్పటికి జపాను పోయింది. దీవులు మనవి కాలేదు. 1947లో దేశాన్ని పంచుతున్నప్పుడు, ఓడల దారికి కావాలి కనుక వీటిని తమ చేతిలోనే ఉంచుకుందామని బ్రిటిషు సేనాధిపతులు అన్నారు. తూర్పు, పశ్చిమ పాకిస్తాన్‌ల మధ్య సముద్ర మార్గంలో ఉన్నాయి కనుక తమకివ్వాలని జిన్నా అడిగారు. జూలైలో అవి భారతదేశానికే అని తేలింది. ఆ కొద్ది వారాల బేరం ఇంకోలా ముగిసుంటే, మా బావ ఇంటికి వెళ్ళడానికి నాకు పాస్‌పోర్టు కావలసి వచ్చేది.

తర్వాతి పని జనం చేశారు. 1949 నుంచి తూర్పు బెంగాల్ శరణార్థి కుటుంబాలు వచ్చి అడవి కొట్టి వరి వేశాయి. శ్రీకాకుళం తీరం నుంచి మత్స్యకారులు, మా ప్రాంతం నుంచి మేస్త్రీలు, కూలీలు ఓడెక్కారు. 2011 లెక్కల ప్రకారం అక్కడ తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 13 శాతం. పోర్ట్ బ్లెయిర్ బజారులో ఇంటి తెలుగుతోనే నాకు పని జరిగిపోయింది.

జింఖానా మైదానం ఇప్పుడు నేతాజీ స్టేడియం. 2018లో నీల్, హావ్‌లాక్ దీవులకి షహీద్, స్వరాజ్ పేర్లు పెట్టారు. 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. మా బావ ఇంకా పాత పేరే పలుకుతాడు.

పేర్లకన్నా నేను బడిలో గట్టిగా చెప్పింది ఓటు గురించి. స్వాతంత్య్రం వచ్చాక కూడా దీవుల తరఫున లోక్‌సభకి ఢిల్లీయే ఒకరిని నామినేట్ చేసేది. 1952లో అలా వెళ్ళింది, కార్ నికోబార్‌లో జపాను పాలనని తట్టుకుని బతికిన బిషప్ జాన్ రిచర్డ్‌సన్. అక్కడి జనం క్యూలో నిలబడి తమ ఎంపీని తామే ఎన్నుకున్నది 1967లో, జపాను లొంగిపోయిన 22 ఏళ్ళకి.