భుజం పట్టేసినా బీమాకు పట్టదు

రెక్కాడితే గాని డొక్కాడదన్న సామెత తెలియని కష్టజీవి ఉండడు. అయితే ఆ రెక్కే ఆడకపోతే గతేమిటన్న ప్రశ్నకు కార్మిక చట్టాలు గాని, ఆరోగ్య బీమా పథకాలు గాని సూటిగా సమాధానం చెప్పడం లేదు. వేలు తెగితే లెక్కగట్టి పరిహారం ఇచ్చే చట్టం ఉంది. ఆస్పత్రిలో చేరితే బిల్లు చెల్లించే బీమా ఉంది. చెయ్యి ఉండీ పైకి లేవని మనిషి మాత్రం ఈ రెండింటి మధ్యా జారిపోతున్నాడు. అతనికి కావలసింది శస్త్రచికిత్స కాదు, ఖరీదైన మందులూ కాదు. కొన్ని నెలల పాటు క్రమం తప్పని వ్యాయామ చికిత్స, అంటే ఫిజియోథెరపీ.

ఈ సమస్య తీవ్రతను అర్థం చేసుకోవడానికి జంషెడ్‌పూర్‌లోని కద్మా వంటి పేటను మించిన చోటు ఉండదు. 1907లో టాటా ఇనుము, ఉక్కు కంపెనీ ఏర్పడి, 1912లో తొలి ఉక్కు దిమ్మ తయారైన నాటి నుంచీ ఈ నగరం చేతుల కష్టం మీదనే నిలిచింది. బెంగాల్-నాగపూర్ రైలు మార్గం వెంట ఉత్తరాంధ్ర నుంచి, గంజాం ప్రాంతం నుంచి వచ్చిన తెలుగువారు ఇక్కడి కొలుముల వద్ద, రోలింగు మిల్లుల్లో, వర్క్‌షాపుల్లో పనిచేశారు. బిష్టుపూర్‌లో రామమందిరం కట్టుకున్నారు. ఖర్కాయి నది ఒడ్డునున్న కద్మాలో తరాల తరబడి కాపురాలు చేస్తున్నారు. పార పట్టి బొగ్గు ఎగదోసిన తరం గతించింది. ఇప్పటి తరంలో కంప్యూటరు ముందు కూర్చునే గుమాస్తా, గ్రైండింగు యంత్రం పట్టే కాంట్రాక్టు కార్మికుడు, గోడలకు రంగులు వేసే పనివాడు, నాలుగిళ్లలో బట్టలుతికే ఇల్లాలు ఉన్నారు. పని మారినా భుజం, మోచేయి, మణికట్టు మీద పడే భారం మాత్రం తప్పలేదు.

కీలు బిగిసేదెందుకు?

శరీరంలోని కీళ్లన్నింటిలో ఎక్కువ వైపులకు తిరిగేది భుజం కీలే. గుండ్రటి ఎముక తల ఒక లోతులేని గుంటలో ఆనుకుని ఉంటుంది. దానిని పట్టి నిలిపేది చుట్టూ ఉన్న నాలుగు కండరాలు, వాటి స్నాయువులు. స్వేచ్ఛగా తిరిగే వీలుండడమే దాని బలం, బలహీనత కూడా. చేతిని తలకంటే ఎత్తులో ఉంచి గంటల కొద్దీ పనిచేసేవారిలో ఈ స్నాయువులు ఎముకల మధ్య ఒరుసుకుని వాస్తాయి, కొన్నిసార్లు చిరుగుతాయి.

భుజం పూర్తిగా బిగిసిపోయే జబ్బు వేరు. కీలు చుట్టూ ఉండే పొర వాచి, గట్టిపడి, ముడుచుకుపోతుంది. మొదట కొన్ని నెలలు రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని నొప్పి, తరువాత నొప్పి తగ్గినా కదలని భుజం, చివరకు మెల్లగా సడలింపు. ఈ మూడు దశలూ దాటడానికి ఏడాది నుంచి మూడేళ్లు పట్టవచ్చు. అమెరికాలోని బోస్టన్‌కు చెందిన శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ కాడ్‌మన్ 1934లో దీనికి ‘గడ్డకట్టిన భుజం’ అని పేరు పెట్టారు. నలభై నుంచి అరవై ఏళ్ల మధ్య వయస్కులలో ఇది ఎక్కువ. మధుమేహం ఉన్నవారికి వచ్చే ప్రమాదం మిగిలినవారి కంటే కొన్ని రెట్లు అధికం. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో అంచనా వేసింది. కనుక ఇది కొద్దిమంది బాధగా కొట్టిపారేయదగినది కాదు.

ఒకే కదలికను పదే పదే చేసేవారికి మోచేయి వెలుపలి వైపు నొప్పి వస్తుంది. మణికట్టు వద్ద నరం నొక్కుకుపోతే బొటనవేలు, దాని పక్క వేళ్లు తిమ్మిరెక్కుతాయి. రాత్రి చెయ్యి విదిలించుకుంటూ లేచి కూర్చోవడం దాని తొలి సూచన. అదిరే యంత్రాలను ఏళ్ల తరబడి పట్టేవారిలో చలికి వేళ్లు తెల్లబడి మొద్దుబారుతాయి. అమెరికాలో రాతి పనివారి చేతులను పరిశీలించిన వైద్యురాలు ఆలిస్ హామిల్టన్ 1918లోనే ఈ సంగతి వెల్లడించారు.

కదలికే చికిత్స

నొప్పిగా ఉన్న చేతిని అసలు కదపకుండా ఉంచడం చాలామంది చేసే పొరపాటు. కదపని కీలు మరింత బిగుస్తుంది. అలాగని బలవంతంగా లాగించడమూ హానికరమే. నొప్పి తీవ్రంగా ఉన్న దశలో కాడ్‌మన్ పేరు మీదనే ప్రసిద్ధమైన లోలకం వ్యాయామం సూచిస్తారు. బాగున్న చేతిని బల్లపై ఆనించి ముందుకు వంగి, నొప్పి చేతిని వదులుగా వేలాడదీసి, గడియారపు లోలకంలా ముందుకు వెనక్కి, పక్కలకు, గుండ్రంగా ఊపడమే అది. కొంత తేరుకున్నాక గోడపై వేళ్లను మెల్లగా పైకి నడిపించడం, వీపు వెనుక తువ్వాలును రెండు చేతులతో పట్టి సాగదీయడం వంటివి చేయిస్తారు. బలం పెంచే వ్యాయామాలు చివరి మెట్టు. పైసా ఖర్చు లేని పనులే అయినా, ఏ దశలో ఏది ఎంత చేయాలో తెలిసినవారు చెప్పాలి.

పక్షవాతం వచ్చిన రోగిని చెయ్యి పట్టి లేవదీయరాదన్నది ఇంటివారు తప్పక తెలుసుకోవలసిన విషయం. బలహీనపడిన భుజం కీలు దానివల్ల జారుతుంది. రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స జరిగిన మహిళలు వైద్యుని సలహాతో చేతి వ్యాయామాలు త్వరగా మొదలుపెట్టకపోతే భుజం బిగుసుకుంటుంది. ఎడమ భుజం నొప్పితో పాటు గుండెలో బరువు, చెమటలు ఉంటే వ్యాయామం మాట మరచి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. కింద పడిన తరువాత చెయ్యి లేవకపోయినా, కీలు ఎర్రగా వాచి జ్వరం వచ్చినా ఆలస్యం తగదు.

ఈ విద్యలో మన దేశం వెనుకబడిందేమీ కాదు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన పాల్ బ్రాండ్, కుష్ఠు వల్ల వంకర తిరిగిన వేళ్లను స్నాయువుల మార్పిడితో సరిచేసి లోకానికి దారి చూపారు. చోటు మారిన కండరానికి కొత్త పని నేర్పే వ్యాయామం లేనిదే ఆ శస్త్రచికిత్స ఫలించదు. ఫిజియోథెరపిస్టులతో సహా అనుబంధ వైద్య వృత్తులవారికి జాతీయ కమిషన్‌ను ఏర్పరుస్తూ 2021లో పార్లమెంటు చట్టం చేసింది. విద్య ఉంది, చదివినవారూ ఉన్నారు. లేనిదల్లా రోగి వారి దగ్గరకు వెళ్లగలిగే ఆర్థిక వెసులుబాటు.

వేలికో లెక్క, నొప్పికి లేదు లెక్క

1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం అంగవైకల్యానికి శాతాలు నిర్ణయించింది. బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం, ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50, చెయ్యి పోతే 60, భుజం కీలు వద్ద తెగితే 90, రెండు చేతులూ పోతే నూటికి నూరు శాతం నష్టమన్నది ఆ లెక్క. పట్టికలో లేని గాయానికి వైద్యుడు నష్టాన్ని అంచనా వేయవచ్చు గాని, అది పనిలో జరిగిన ప్రమాదం వల్లనే కలిగిందని తేలాలి. ఇరవై ఏళ్ల అరుగుదలకు తేదీ ఉండదు, సాక్షి ఉండడు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తి వ్యాధుల జాబితాలో మణికట్టు నరం నొక్కుడు, మోచేతి స్నాయువుల వాపు చేరాయి. ఇక్కడ మాత్రం ఆ బాధను వయసు మీదకో, విధి మీదకో నెట్టివేయడం ఆనవాయితీ. పాత చట్టం స్థానంలో వచ్చిన సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. అరుగుదల రోగాలను గుర్తించే పని ఇకనైనా మొదలు కావాలి.

బీమా సంగతి మరీ విచిత్రం. ఆయుష్మాన్ భారత్ పథకం ప్రారంభమైంది ఈ జార్ఖండ్ రాజధాని రాంచీలోనే, 2018 సెప్టెంబరు 23న. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు రక్షణ కల్పించే ఆ పథకం ఆస్పత్రిలో చేరినవారికే వర్తిస్తుంది. ఇంటికి పంపిన తరువాత 15 రోజుల ఖర్చులతో దాని బాధ్యత తీరిపోతుంది. భుజం చికిత్స సరిగ్గా ఆ తరువాతే మొదలవుతుంది! ఎముక విరిగితే అతికించడానికి డబ్బిచ్చి, అతికిన చెయ్యి ఆడడానికి ఇవ్వకపోవడం ఏ పొదుపు కిందికి వస్తుందో విధానకర్తలే చెప్పాలి.

ఈఎస్ఐ పరిధిలోని కార్మికుడు కొంత మెరుగు. అవుట్‌పేషెంటు వైద్యం అందుతుంది. జబ్బు సెలవు కాలానికి వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు లభిస్తుంది. ఏడాది పట్టే జబ్బుకు మూడు నెలల ఊరట! వేతన పరిమితిని 2017లో 21,000 రూపాయలకు పెంచారు. రోజుకూలీకి, ఇంటిపని మహిళకు ఆ గొడుగు కూడా లేదు. వారానికి మూడు రోజులు చికిత్సకు వెళ్లాలంటే ఫీజుతో పాటు ఆ పూట కూలీ కూడా పోతుంది. నాలుగు రోజులు వెళ్లి మానేయడం, నొప్పి మాత్రలతో నెట్టుకు రావడం అందుకే.

చేయదగినవి అసాధ్యమైనవి కావు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వారంలో కొన్ని రోజులైనా ఫిజియోథెరపిస్టును పంపడం, సాయంత్రం వేళల్లో చికిత్స అందించడం, కోలుకుంటున్న కార్మికునికి కొంతకాలం తేలిక పని అప్పగించడం, బీమాలో నిర్ణీత సంఖ్యలో వ్యాయామ చికిత్సలను చేర్చడం వాటిలో కొన్ని. నైపుణ్యం గల చెయ్యి మూలపడితే కుటుంబంతో పాటు పరిశ్రమకూ నష్టమే.

జంషెడ్‌పూర్ ఉక్కు కంపెనీ ఎనిమిది గంటల పనిదినాన్ని 1912లోనే, ఉచిత వైద్యాన్ని 1915లోనే, ప్రమాద పరిహారాన్ని 1920లోనే అమలు చేసింది. దేశంలో చట్టాలు ఆ తరువాత వచ్చాయి. చట్టం కోసం ఎదురుచూడకుండా కార్మికుని సంగతి ఆలోచించడం ఈ ఊరికి కొత్త కాదు. కాంట్రాక్టు కార్మికుని భుజం విషయంలోనూ ఆ చొరవ కనబడితే మిగిలిన పారిశ్రామిక నగరాలకు అది దారి చూపగలదు.