శ్వేతజాతి ఆధిక్యతావాదం: క్రైస్తవ దృక్పథంలో ఒక పరిశీలన

పరిచయం

2017 ఫిబ్రవరి 22వ తేదీ సాయంకాలం అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం, ఒలేథ పట్టణంలో కూచిభొట్ల శ్రీనివాస్ అనే 32 సంవత్సరాల తెలుగు ఇంజినీరు కాల్చి చంపబడ్డాడు. అతని తెలుగు మిత్రుడు గాయపడ్డాడు. కాల్చిన శ్వేతజాతీయుడు తన దేశం విడిచి పొమ్మని కేకలు వేశాడు. తాను కాల్చింది ఇరాన్ దేశస్థులననుకున్నాడు. అడ్డుకోబోయిన మరొక శ్వేతజాతి యువకునికి కూడా తూటా తగిలింది. హంతకునికి 2018లో జీవిత ఖైదు పడింది.

నాదర్‌గుల్ నుండి దిల్‌సుఖ్‌నగర్ వరకు మన సంఘాల్లో వీసా కొరకు ప్రార్థించమని అడిగే యౌవనస్థులున్నారు. వారిని సాగనంపే కాపరి ఈ సంగతిని ఎలా అర్థం చేసుకోవాలి?

శ్వేతజాతి ఆధిక్యతావాదం అంటే ఏమిటి?

తెల్లని చర్మం గలవారు పుట్టుకతోనే శ్రేష్ఠులు, కాబట్టి ఏలుబడి వారిదే అనే నమ్మకమే శ్వేతజాతి ఆధిక్యతావాదం. ఇది తెల్లవారందరి స్వభావం కాదు. తెలుగువారిని కాపాడబోయి గాయపడిన ఆ యువకుడే అందుకు సాక్ష్యం. అయితే ఇది కొందరు వ్యక్తుల ద్వేషం మాత్రమే కూడా కాదు. చట్టాలుగా, అలవాట్లుగా అది స్థిరపడుతుంది.

1790లో అమెరికా చేసిన చట్టం ప్రకారం పరదేశులలో స్వతంత్రులైన తెల్లవారు మాత్రమే పౌరసత్వం పొందగలరు. పంజాబుకు చెందిన భగత్ సింగ్ థిండ్ ఈ చట్టం క్రింద పౌరసత్వం కోరాడు. తాను ఉన్నత కులస్థుడైన ఆర్యుడు గనుక తెల్లవాడినేనని అతని వాదన. 1923లో సుప్రీంకోర్టు దానిని త్రోసిపుచ్చింది. భారతీయులకు ఆ ద్వారం తెరువబడింది 1946లోనే. థిండ్ జాతి భేదాన్ని ఖండించలేదు. కులాన్ని చూపి దానిలో తనకు చోటు అడిగాడు. ఈ సంగతి మన ఆలోచనకు ముఖ్యమైనది.

వాక్యం ఏమి బోధిస్తున్నది?

నల్లజాతివారి బానిసత్వాన్ని సమర్థించినవారు హాము శాపాన్ని ఆధారంగా చూపారు. కాని ఆదికాండము 9:25లో నోవహు శపించినది కనానును. హామునూ కాదు, ఆఫ్రికా ప్రజలకు సంబంధించిన కూషునూ కాదు. పైగా అవి నోవహు పలికిన మాటలే గాని దేవుని ఆజ్ఞ కాదు. కాబట్టి ఆ వ్యాఖ్యానం వాక్యం నుండి పుట్టలేదు; వ్యాపార లాభం కొరకు వాక్యం మీద మోపబడింది.

మనుష్యులందరూ దేవుని స్వరూపమందు సృజింపబడ్డారు (ఆది. 1:27). సమస్త జనములకు మూలం ఒక్కటే (అపొ.కా. 17:26). మోషే కూషు స్త్రీని వివాహం చేసుకొన్నందుకు మిర్యాము, అహరోనులు విరోధంగా మాట్లాడినప్పుడు దేవుడు వారిని గద్దించాడు (సంఖ్యా. 12). అంతియొకయలో పేతురు అన్యజనులతో భోజనం మానుకొన్నప్పుడు, అది సువార్త సత్యానికి విరోధమని పౌలు ఎదిరించాడు (గల. 2:11-14). పేతురు తన బోధను మార్చలేదు. భోజనపు బల్ల మాత్రమే మార్చాడు. అయినా పౌలు దానిని చిన్న విషయంగా ఎంచలేదు.

సంఘ చరిత్ర నేర్పే పాఠం

1857లో దక్షిణాఫ్రికాలోని డచ్ రిఫార్మ్డ్ సంఘపు సినడు, విశ్వాసులందరూ కలిసి ఆరాధించడమే వాక్యానుసారమని ఒప్పుకొంటూనే, కొందరి బలహీనత దృష్ట్యా వేరుగా కూడుకొనుటకు అనుమతించింది. ఆ మినహాయింపే క్రమేణా నియమమైంది. 1948 తరువాత వర్ణవివక్ష ప్రభుత్వ విధానానికి మతపరమైన ఊతమైంది. చివరికి 1986లో అక్కడి మిషన్ సంఘం బెల్హార్ విశ్వాస ప్రమాణాన్ని ఆమోదించి, ఇటువంటి బోధను తిరస్కరించింది.

మన తెలుగు నేలకూ ఈ చరిత్రలో భాగముంది. దోర్నకల్‌లో సేవ చేస్తున్న వి.యస్. అజరయ్య 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనెరీ మహాసభలో ప్రసంగించాడు. మిషనెరీల త్యాగాన్ని మెచ్చుకొంటూనే, వారు భారతీయ సహోదరులను సమానులుగా, స్నేహితులుగా చేర్చుకొనడం లేదని నిర్భయంగా చెప్పాడు. కొందరికి ఆ మాట రుచించలేదు. 1912లో ఆయనే దోర్నకల్ బిషప్పుగా, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకించబడ్డాడు. మంచి చేస్తూనే పైచేయి ఉంచుకోవచ్చు. అజరయ్య ఎత్తిచూపిన రోగం అదే.

మన సంఘాలకు అన్వయం

ఒలేథ ఘటనను ఖండించడం మనకు సులభం, ఎందుకంటే అక్కడ బాధితులం మనం. అయితే తెల్లని పిల్ల కావాలని సంబంధాలు వెదకే విశ్వాసిని, సంఘ పెద్దల ఎన్నికలో కులం లెక్కించే విశ్వాసిని ఎవరు గద్దిస్తారు? జాతి ఆధిక్యత, కుల ఆధిక్యత ఒకటే కాదు. వాటి చరిత్రలు వేరు. కాని పుట్టుకను బట్టి మనిషి విలువ నిర్ణయించే పాపం రెండింటిలోనూ ఉంది. పక్షపాతం చూపువాడు పాపం చేస్తున్నాడని యాకోబు స్పష్టం చేశాడు (యాకోబు 2:9).

కాబట్టి కాపరులు మూడు పనులు చేయగలరు. మొదటిది, విదేశాలకు వెళ్లే యౌవనస్థులకు ఈ చరిత్ర బోధించడం. అక్కడి నల్లజాతి విశ్వాసులను సహోదరులుగా ఎంచుమని చెప్పడం. రెండవది, హాము శాపం వంటి తప్పుడు వ్యాఖ్యానాలను బైబిలు స్టడీలో సరిదిద్దడం. మూడవది, తమ సంఘంలో ఎవరు ఎవరి ఇంట భోజనం చేస్తున్నారో, ఎవరు ఎవరితో వియ్యమందుతున్నారో నిజాయితీగా గమనించడం.

ముగింపు

ప్రకటన 7:9లో ప్రతి జనములో నుండి వచ్చినవారు సింహాసనం ఎదుట కలిసి నిలువబడ్డారు. వారి భాషలు, వంశాలు అక్కడ తుడిచివేయబడలేదు. ఒకరిపై ఒకరి పైచేయి మాత్రం లేదు. ఆ దినం కొరకు ప్రార్థించే సంఘం తన బల్లను ఈనాడే సరిచేసుకోవలసి ఉంది.