లండన్ నుంచి పారిస్‌కు గంటంబావు!

లండన్ నుంచి పారిస్ ఎంత దూరమని అడిగితే, భూగోళ పటం చెప్పే జవాబు ఒకటి, విమానం టైంటేబిలు చెప్పేది ఒకటి, చేతి గడియారం చెప్పేది మరొకటి. మూడూ నిజమే. మూడింటిలోనూ తిరకాసు ఉన్నది.

పటం మీద తిన్నగా కొలిస్తే సుమారు 340 కిలోమీటర్లు. ఇంచుమించు మన విజయవాడకూ విశాఖపట్నానికీ మధ్య ఉన్న రైలు దారంత. విమానానికి టైంటేబిలులో వేసేది గంటంబావు, లేదా మరో పది నిమిషాలు. నేల మీద పాకే సమయం తీసివేస్తే ఆకాశంలో ఉండేది గంటకు లోపే! ఇక గడియారం సంగతి. పారిస్‌లో కాలం లండన్ కంటే గంట ముందు. కనుక ఉదయం పదింటికి లండన్‌లో ఎక్కిన మనిషి పన్నెండుంబావుకు పారిస్‌లో దిగుతాడు. తిరుగు ప్రయాణంలో పదింటికి ఎక్కితే పదింబావుకే లండన్‌లో ఉంటాడు.

ఈ రెండు నగరాల మధ్య ప్రతిదినం విమానం నడపడం 1919 ఆగస్టు 25న మొదలైంది. ఆనాటి విమానంలో ఒకే ఒక ప్రయాణీకుడు, ఒక పత్రికా విలేఖరి. ఆయనతోపాటు కొన్ని వార్తాపత్రికలు, మీగడ, వేటపక్షులు! ప్రయాణం సుమారు రెండున్నర గంటలు. ఆ తరువాత ఆకాశంలో మిగుల్చుకున్న గంటకు పైగా సమయాన్ని, ఇప్పుడు మనం నేల మీద బారులు తీరి ఖర్చు పెడుతున్నాం.

నిరుడు మా అమ్మను లండన్‌లో కాపురముంటున్న మా చెల్లెలింటికి తీసుకువెళ్ళినప్పుడు, పారిస్ కూడా చూపిద్దామనుకున్నాం. బ్రిటన్ వీసా ఫ్రాన్సులో చెల్లదు. అందుకని షెంగెన్ వీసా ఇక్కడి నుంచే తెచ్చుకున్నాం. అమ్మ డెబ్బయి దాటిన మనిషి. పైగా మోకాళ్ళ నొప్పులు. “విమానంలో గంటే కదా బావగారూ!” అన్నాడు మా చెల్లెలి భర్త. నేను కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. హీత్రో చేరడానికి గంట. అక్కడ రెండు గంటల ముందుండాలి. విమానం గంటంబావు. దిగి బయటపడడానికి తక్కువలో తక్కువ అరగంట. షార్ల్ ద గోల్ విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి రైలు మరో అరగంట పైచిలుకు. ఐదు గంటలు దాటింది! సామానుతో ఆ పొడుగాటి నడవాల్లో నడక వేరే.

యూరోస్టార్ రైలు లండన్ నడిబొడ్డున సెయింట్ పాంక్రాస్ స్టేషనులో బయలుదేరి, పారిస్ ఊరి మధ్యనే దింపుతుంది. ప్రయాణం రెండుంబావు గంటలు. గంటకు పైగా ముందు వెళ్ళాలి కాని, ఉభయ దేశాల పాస్‌పోర్టు తనిఖీలూ బయలుదేరిన చోటనే అయిపోతాయి. అమ్మ మోకాళ్ళు రైలుకే ఓటు వేశాయి.

1994లో తెరిచిన ఆ సొరంగం పొడుగు 50 కిలోమీటర్లు. అందులో 38 సముద్రం అడుగున. సముద్రం చూడాలని అమ్మ పట్టుబట్టి కిటికీ పక్కన కూర్చున్నది. ఇరవై నిమిషాలు అద్దంలో చీకటి, తన ముఖం. వెలుతురు వచ్చేసరికి ఫ్రాన్సు పొలాలు.

“సముద్రమేదిరా?” అన్నది.

“మన నెత్తి మీదనే ఉండిందమ్మా, దాటేశాం” అన్నాను.

నమ్మినట్టు లేదు.